తవిటయ్య నీలి అద్దం, మేడ మీది తొట్టి

మనిషి నిప్పును కనిపెట్టడానికి ఎన్నివేల ఏళ్లు పట్టిందో పండితులు చెబుతారు. ఆ నిప్పును కళ్లు చికిలించకుండా చూడడానికి ఇంకెంతకాలం పట్టిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ఘనకార్యం పర్సుడీహ్‌లో, జంషెడ్‌పూర్ టాటానగర్ స్టేషనుకు వెనకవైపు సందులో, కోరాడ తవిటయ్య చొక్కా జేబులో పూర్తయింది కాబట్టి, పండితులు అటువైపు రారు కాబట్టి, ఆ అధ్యాయం చరిత్రలో ఖాళీగా ఉండిపోయింది.

ఆ జేబులో ఒక నీలి అద్దం ఉంటుంది. అరచేతిలో ఇమిడేంత గాజు ముక్క. చుట్టూ చెక్క చట్రం, కింద పొట్టి పిడి. ఎక్కడ ఏది వెలుగుతూ కనబడినా తవిటయ్య కుడిచెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్తుంది. ఎడమకన్ను మూతపడుతుంది. అద్దం లేస్తుంది. చుట్టుపక్కలవాళ్లు మాటలు ఆపేస్తారు. అప్పుడు తీర్పు వెలువడుతుంది.

గ్యాసు పొయ్యి మీద బాణలి పెడితే, "ఇంకా ఏడెక్కాల" అంటాడు. కొత్త ఎల్ఈడీ బల్బు తగిలిస్తే, "ఇది వట్టి ఎలుగే. ఇందల ఏడి లేదు" అంటాడు. కూతురి పెళ్లిచూపులకు వచ్చిన కుర్రవాడు మెళ్లో మెరిసే గొలుసు వేసుకొస్తే, అతణ్ణి కూడా అద్దంలోంచే చూసి, "సరుకు మంచిదే గానీ ఇంకా కరగనేదు" అన్నాడు. ఆ కుర్రవాడి పేరు శ్యామ్. పెళ్లయింది, చక్రధర్‌పూర్‌లో రైల్వే ఉద్యోగమూ సాగుతోంది. కరిగాడా లేదా అన్నది ఇప్పటికీ కుటుంబంలో చర్చనీయాంశమే.

అలవాటు పుట్టుక మాత్రం గౌరవప్రదమైనదే. తవిటయ్య తండ్రి పలాస పక్క పల్లె నుంచి వచ్చి టాటానగర్ గూడ్సు షెడ్డులో బస్తాలు మోశాడు. కొడుకు బరువులు మొయ్యకూడదని ఒక ఫౌండ్రీలో పెట్టించాడు. అక్కడ కొడుక్కి బరువులు తప్పాయి, మంట వచ్చింది. ఫర్నేసు కిటికీ తెరిచి, నీలి అద్దం అడ్డుపెట్టుకుని లోపలి ఇనుము రంగు చూడడం, "అయింది" అనో "అవనేదు" అనో అరవడం అతని పని. ముప్పయ్యేళ్లకు పైగా ఆ రెండు మాటలే అరిచాడు. రిటైరయిన రోజున ఒక శాలువా, ఒక గోడ గడియారం ఇచ్చారు. మిస్త్రీ భుజం తట్టి, "అద్దం నువ్వే ఉంచుకో తవిటయ్యా" అన్నాడు. గడియారం ఆగిపోయింది. శాలువా భార్య దాలమ్మ ఆవకాయ జాడీకి చుట్టింది. ఆ ముగ్గురిలో ఇంకా డ్యూటీలో ఉన్నది అద్దం ఒక్కటే.

ఇంతకాలం అద్దంతో కాపురం చేసిన మనిషికి ఒక సిద్ధాంతం ఏర్పడకుండా ఉండదు. తవిటయ్య సిద్ధాంతం చిన్నది: నీలం కాపాడుతుంది. ఎంతటి మంటైనా సరే, మధ్యలో నీలం ఉంటే కంటికి భయం లేదు. దీన్ని ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. ఎవరూ కాదనలేదు. కాదనాల్సిన సందర్భం ఆ మే నెలలో వచ్చింది.

మనవరాలు సింధు ఎమ్మెస్సీ చదువుకోసం తాతగారింట్లో ఉంటోంది. ఆ వేసవిలో ఆమె మేడ మీదికి ఒక వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి ఎక్కించింది. అందులో నీళ్లు పోసింది, సోడా ఉప్పు కలిపింది, కాలేజీ నుంచి ఒక సీసాలో తెచ్చిన పచ్చటి ద్రవం వంచింది. కొన్ని వారాల్లో తొట్టి మొత్తం చిక్కటి నీలిపచ్చగా తయారయింది. పైన ఒక ఆకుపచ్చ జాలీ కట్టింది, నర్సరీల్లో మొక్కల మీద కడతారే, అలాంటిది.

"ఈ నాచుని పెంచడానికేటే కాలేజీకి ఎల్తన్నావు?" అంది దాలమ్మ. "మన గాబులో ఊరికినే పెరుగుతాది గదా."

"నాచు నహీ హై అమ్మమ్మా. బ్యాక్టీరియా హై. స్పిరులినా."

"బ్యాక్టీరియా అంటే జొరాలు తెచ్చీది కాదేటి?" తవిటయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"యే వాలా అచ్ఛా హై తాతా. మొక్కల్లాగ ఎండ తిని బతుకుతాది. మొక్కలు పుట్టకముందు నించీ ఇదే పని చేస్తంది. ఎండ మరీ ఎక్కువైనా, వేడి ఎక్కువైనా తనని తాను ఎలా కాపాడుకుంటాది అన్నదే నా ప్రాజెక్టు."

బుధవారం ఆమె ఒక పరీక్ష రాయడానికి రాంచీ వెళ్లాలి. ఆదివారం సాయంత్రానికి తిరిగొస్తుంది. సోమవారం పొద్దున్న ఆమె ప్రాజెక్టు చూసే మేడమ్ అగ్రికో కాలనీ నుంచి స్వయంగా వచ్చి తొట్టిని చూస్తారు. తొట్టి బతికి ఉంటే ప్రాజెక్టు గట్టెక్కుతుంది. చస్తే మళ్లీ సీసా దగ్గర నుంచి మొదలుపెట్టాలి, అంటే డిగ్రీ వచ్చే ఏటికి పోతుంది. ఈ విషయమంతా ఆమె తాతను కూర్చోబెట్టి, ఒకసారి హిందీలోనూ ఒకసారి తెలుగులోనూ చెప్పింది.

"పొద్దున్న, మధ్యాన్నం, సాయంత్రం కర్రతో కలపాల. నీళ్లు తగ్గితే పొయ్యాల. ఔర్ జాలీ మత్ హటానా, అస్సలు తియ్యకూడదు."

"ఎండే దాని కూడన్నావు. మల్లీ ఎండకి అడ్డం జాలీ ఏటి?"

"తాతా, ఆప్‌కో అన్నం పసంద్ హై న? డేగిసాడన్నం ఒకేసారి నోట్లో కుక్కితే?"

తవిటయ్య ఆలోచించాడు. ఉపమానం అతని మనసుకు పట్టింది. "నాను ఫర్నేసు కాసినోణ్నే. ఓ తొట్టి కాయలేనేటి? నువ్వెల్లు. నువ్వొచ్చేసరికి ఇది ఈ రంగు మీదే ఉంటాది. ఉండకపోతే ఈ అద్దం ముట్టుకోను" అని జేబు మీద చెయ్యి వేసుకుని మాటిచ్చాడు. సాక్షిగా పక్కింటి బలరామ్ ఉన్నాడు. ఆయన రిటైరయిన గూడ్సు బండి గార్డు. తవిటయ్యను బావా అంటాడు. చుట్టరికం లేదు, కానీ వేళాకోళం చెయ్యడానికి ఆ వరస అనుకూలంగా ఉంటుంది.

సింధు బండెక్కిన మధ్యాహ్నమే దాలమ్మ మేడ మీద పాత చీర పరిచి వడియాలు పెట్టింది. ఆమె చెయ్యి తీసిందో లేదో కాకులు వాలాయి.

"ఏటయ్యోయ్! ఆ జాలీ ఇలగియ్యి. కాకులు దెంకుపోతన్నాయి!"

"అది గుంట ప్రాజెక్టే. తియ్యకూడదంది."

"నీకు మద్దినేల తినడానికి వడియాలు కావాలా, ప్రాజెక్టు కావాలా?"

ఇది కఠినమైన ప్రశ్న. తవిటయ్య జవాబు కోసం తొట్టి దగ్గరికి వెళ్లాడు. మే నెల ఎండ నీళ్ల మీద పడి కత్తిలా మెరుస్తోంది. చెయ్యి జేబులోకి వెళ్లింది. ఎడమకన్ను మూసుకుంది. అద్దం లేచింది. అద్దంలోంచి చూడగానే ఆ మెరుపంతా చల్లారి, తొట్టి నిద్రపోతున్న చెరువులా కనబడింది.

మహత్తరమైన ఆలోచనలు ఎప్పుడూ అంత ఎండలోనే పుడతాయి. తన ఒక్క కన్నుకే ఇంత చల్లదనమిచ్చే నీలం, తొట్టి మొత్తానికి కప్పితే? కిందటి వానాకాలం వంటింటి కప్పు కారినప్పుడు సాక్చీ బజారులో కొన్న పల్చటి నీలం ప్లాస్టిక్ షీటు మెట్ల కింద ఉంది. దాన్ని దులిపి తెచ్చాడు. జాలీ ఊడదీసి భార్య చేతికిచ్చాడు. నీలం షీటును తొట్టి మీద పరిచి, నాలుగు మూలలా ఫౌండ్రీ పద్ధతిలో బిగించి కట్టాడు. లోపలికి గాలి కూడా అనుమతి లేకుండా వెళ్లడానికి వీల్లేదు. వడియాలకు కాకుల బాధ తప్పింది, తొట్టికి ఎండ బాధ తప్పింది, కుటుంబంలో శాంతి నెలకొంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత గొప్ప సంధి పర్సుడీహ్‌లో అంతకుముందు జరగలేదు.

సాయంత్రం బలరామ్ వచ్చి చూశాడు.

"నీలమేటి బావా? మా రైల్లో నీలానికి పనే లేదు. ఎరుపుంది, పసుపుంది, పచ్చ ఉంది. నీలం సూసి ఏ డ్రైవరూ బండి నడపడు."

"మీది ఇనప బండి. ఇది పేణమున్న సరుకు. దీనికి ఫర్నేసు రూలు."

తవిటయ్య రోజుకు మూడుసార్లు షీటు అంచు కొంచెం ఎత్తి, సందులోంచి కర్ర దూర్చి కలిపి, మళ్లీ బిగించేవాడు. షీటు కింద వెలుగంతా నీలమే కాబట్టి ఎప్పుడు తొంగి చూసినా లోపల పచ్చగానే కనబడేది. సింధు రాత్రి భోజనాల వేళ ఫోన్ చేసేది. తవిటయ్యది బటన్ల ఫోను, ఫొటోల బాధ లేదు.

"తాతా, రంగ్ కైసా హై?"

"పచ్చగుంది."

"పక్కా?"

"పంటచేనులాగుంది. నువ్వు పరీచ్చ రాసుకో."

ఆయన అబద్ధం చెప్పలేదు. కళ్లకు కనబడింది చెప్పాడు. కళ్లకూ తొట్టికీ మధ్య నీలం ఉందన్న సంగతి ఒక్కటి లెక్కలోకి తీసుకోలేదు.

శుక్రవారం సాయంత్రం గాలిదుమ్ము లేచింది. మే నెలలో జంషెడ్‌పూర్‌కు అలా అప్పుడప్పుడు వాయువ్యం నుంచి ఒక ఈదురుగాలి వస్తుంది. చెప్పి రాదు, వచ్చాక ఎవరి మాటా వినదు. సందులో అందరి బట్టలూ ఒకరి మేడ నుంచి ఇంకొకరి మేడకు మారాయి. ఫౌండ్రీ ముళ్లు మూడు నిలబడ్డాయి, నాలుగోది తెగింది. నీలం షీటు ఒక్కసారి బుస్సున పొంగి, తాళ్లన్నీ లాక్కుని ఎగిరి, బలరామ్ ఇంటి డిష్ గొడుగు మీద కూర్చుంది.

తవిటయ్య, దాలమ్మ, షీటు తిరిగివ్వడానికి వచ్చిన బలరామ్, ముగ్గురూ తొట్టి చుట్టూ నిలబడ్డారు.

తొట్టి పసుపుగా ఉంది.

"ఓలమ్మో!" అంది దాలమ్మ. "పప్పుతేట లాగుందేటయ్యా!"

తవిటయ్య వేలు ముంచాడు. స్నానానికి తోడిన నీళ్లలా వెచ్చగా తగిలింది. "సచ్చిపోనాది" అన్నాడు. "గుంట డిగ్రీ నా సేతుల మీదుగా సచ్చిపోనాది."

"ఆగు బావా" అన్నాడు బలరామ్. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తొట్టి చుట్టూ ప్లాట్‌ఫారం మీద నడిచినట్టు ఒక చుట్టు తిరిగాడు. "పసుపంటే సచ్చిపోడం కాదు. పసుపంటే కాషను. బండి ఆగనేదు, మెల్లిగెల్తంది. ఆగిపోతే ఎరుపు సూపిత్తాది."

"ఇది బండేటి?"

"పేణమున్న పెతిదీ బండే బావా. లేకపోతే పొద్దున్నే నీ మోకాల్లు అలగ సప్పుడు సేత్తాయేటి?"

మోకాళ్ల సంగతి మనసుకు తగిలింది గానీ, ఆశ కూడా తగిలింది. బండి ఇంకా నడుస్తోందంటే ఆదివారం సాయంత్రం లోపల దాన్ని పచ్చ సిగ్నలు దాకా తీసుకెళ్లాలి. దానికి నీడ కావాలి. నీడంటే జాలీ. జాలీ వడియాల మీద ఉంది.

"జాలీ ఇచ్చీయే."

"ఎలగిచ్చీదయ్యా? జాలీ నీడకి వడియాలు ఇంకా పచ్చిగున్నాయి. నువ్వే సేతిలో ఎట్టినావు. నానడగనేదు."

"అడిగినావు!"

"అడిగినాను గానీ, లాక్కోనేదు. ఇచ్చినోడు మల్లీ అడిగితే ఎలగుంటాది? బలరామన్నా, నువ్వు సెప్పు."

బలరామ్ రైల్వేలో నేర్చుకున్న నీతి ప్రకారం, మొగుడూ పెళ్లాల మధ్య సిగ్నలు లేనిచోట బండి తీసుకెళ్లలేదు. తన ఇంటికి వెళ్లి నల్ల గొడుగు పట్టుకొచ్చాడు.

శనివారం తెల్లారేసరికి ఛత్రదళం ఏర్పడింది. తవిటయ్యది పాత కర్ర పిడి గొడుగు. బలరామ్‌ది రైల్వే రోజుల నల్ల గొడుగు, ఒక ఊచ విరిగింది. మూడోది సింధు మడత గొడుగు, గులాబీ రంగు, చుట్టూ తెల్ల పువ్వులు. దాన్ని కుర్చీకి కట్టి తొట్టికి తూర్పున నిలబెట్టారు. తతిమ్మా రెండూ మనుషులు పట్టుకోవాలి. మధ్యాహ్నం దాకా ఎ షిఫ్టు తవిటయ్యది, ఆ తర్వాత బి షిఫ్టు బలరామ్‌ది. కానీ ఎ షిఫ్టులో పని సరిగా జరుగుతోందా అని చూడడానికి బలరామ్, బి షిఫ్టులో గొడుగు వంగుతోందా అని చూడడానికి తవిటయ్య, ఇద్దరూ రెండు షిఫ్టులూ చేశారు.

తవిటయ్య బీరువా అడుగు నుంచి ఫర్నేసు కోటు తీసి తొడుక్కున్నాడు. తలకు తడి గమ్‌ఛా చుట్టుకున్నాడు. ఫర్నేసు డ్యూటీవాళ్లకు ఉప్పు కలిపిన నిమ్మనీళ్లు ఇచ్చేవారు కాబట్టి తొట్టికి కూడా అవి పొయ్యాలని పట్టుబట్టాడు. బలరామ్ వద్దన్నాడు. చివరికి రాజీ కుదిరి, తొట్టి తరఫున ఆ నీళ్లు తవిటయ్యే తాగాడు. అలా తొట్టి తరఫున మూడు చెంబులు తాగాక, తొట్టి తరఫున రెండుసార్లు కిందికి కూడా వెళ్లొచ్చాడు.

సందులో జనం తలెత్తి చూశారు. పైన కోటేసుకున్న ఒక ముసలాయన, బనీను మీద ఇంకో ముసలాయన, మధ్యన పువ్వుల గొడుగు. "కౌన్ గుజర్ గయా?" అని ఎవరో అడిగారు. పోయిందెవరని. "అబీ నహీ గుజరా" అని బలరామ్ పైనించి గంభీరంగా బదులిచ్చాడు, ఇంకా పోలేదని.

గొడుగు పట్టుకున్న మనిషి పైకి చూడడు. ఇద్దరూ తొట్టిలోకే చూశారు. ఘడియకోసారి కలిపారు. కలిపినప్పుడల్లా వాదులాడుకున్నారు. మధ్యమధ్య దాలమ్మ మేడెక్కి, జాలీ ఎత్తి, వడియం ఒకటి నొక్కి చూసి, మొహం చిట్లించేది.

"వడియాలు ఆరట్లేదు. మీ గొడుగుల నీడ ఇటొచ్చి పడతంది."

"నీ వడియాల కోసం గొడుగు ముడవమంటావేటి?"

"ముడవకపోతే జరుగు! నిన్న మెత్తగున్నవి ఇయాల కూడా మెత్తగే ఉన్నాయి. ఇలగైతే బూజెక్కుతాయి."

ఛత్రదళం అంగుళం కూడా జరగలేదు. చరిత్రలో పెద్ద పెద్ద కోటలు ఇంతకంటే చిన్న ఒత్తిడికి లొంగిపోయాయి.

గాలిదుమ్ముకు ముందురోజు ఫోన్లు పనిచెయ్యలేదు. ఆ రాత్రి సింధు ఫోన్ చేసింది.

"తాతా, రంగ్?"

ఎంత ఫర్నేసు కాసిన మనిషైనా మనవరాలితో అబద్ధమాడలేడు. "రంగంటే... వత్తంది."

"వత్తందంటే? ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోనేదు. మనిసి మాత్రం రంగు మారడేటే? ఎండలో నిలబడితే నువ్వు నల్లబడవేటి?"

"తాతా. ఆప్‌నే క్యా కియా?"

"ఇక్కడ గొడుగు... అదే, గాలి... సరిగ్గా ఇనబడతన్లేదే!" అని ఫోను పెట్టేశాడు. ఫోను మీద అలిగినట్టు దాన్ని బోర్లించి పడుకున్నాడు. అద్దాన్ని జేబులోంచి తీసి తలగడ కింద పెట్టాడు. మాటిచ్చిన ప్రకారం ఆదివారం తర్వాత దాన్ని ముట్టుకునే హక్కు ఉంటుందో ఉండదో తెలియదు.

ఆదివారం సాయంత్రం సింధు స్టేషను నుంచి తిన్నగా, బ్యాగు కూడా దించకుండా మేడెక్కింది. ఎక్కి, పై మెట్టు మీద ఆగిపోయింది.

"యే... క్యా హై?"

"గుంటా, ముందు కోప్పడకు" అన్నాడు బలరామ్, తన గొడుగు వెనక దాక్కుంటూ.

సింధు తొట్టి దగ్గరికి వచ్చింది. గులాబీ గొడుగు పక్కకు తీసింది. బుధవారం నాటి చిక్కదనం లేదు. కానీ పప్పుతేట కూడా కాదు. లేత తోటకూర ఉడికించిన నీళ్ల రంగు. ఆమె చిటికెడు నీళ్లు అరచేతిలోకి తీసుకుని వెలుగుకేసి చూసింది. బ్యాగులోంచి ఒక చిన్న సీసా తీసి కొంచెం పట్టింది. ఆ తర్వాత తలెత్తింది.

"జాలీ ఎక్కడ?"

ముగ్గురి చూపులూ ఒకేసారి వడియాల వైపు తిరిగాయి.

తవిటయ్య గొడుగు దించి, కోటు బొత్తాలు పెట్టుకుని, నిలబడి అంతా ఒప్పుకున్నాడు. కాకులు, సంధి, నీలం షీటు, ఫౌండ్రీ ముళ్లు, ఈదురుగాలి, పసుపు. చివర్న జేబులోంచి అద్దం తీసి మనవరాలి ముందు పెట్టాడు. "ఇచ్చిన మాట తప్పినాను. ఇది నీకాడే ఉంచు."

సింధు అద్దాన్ని తీసుకుంది. తొట్టిని చూసింది. తాతను చూసింది. ముందు పెదవులు బిగించింది. తర్వాత కూలబడి, మెట్టు మీద కూర్చుని, కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"తాతా, మరా నహీ హై. బతికే ఉంది. పూరా జిందా."

"మరి ఆ పసుపు?"

అప్పుడు సింధు చెప్పింది, ఆ మేడ మీదే, వడియాల పక్కన కూర్చుని. ఎండను పట్టడానికి ఈ జీవులకు యాంటెన్నాల్లాంటివి ఉంటాయట. తొట్టికి ఆ నీలిపచ్చ రంగు చాలావరకు వాటిదే. ఎండ మోతాదు దాటితే, పట్టిన వెలుగు వాటి లోపలే చిచ్చు పెడుతుంది. అందుకని ప్రతి కణంలోనూ కారట్ రంగు సరుకుతో చేసిన ఒక ప్రొటీను కాపలా ఉంటుంది. మామూలప్పుడు నారింజరంగులో కునుకు తీస్తుంది. వెలుగు జోరు పెరిగితే లేచి, ఎర్రబడి, వెళ్లి యాంటెన్నా మీద కూర్చుంటుంది. అక్కర్లేని వెలుగునంతా మెల్లగా వేడి చేసి బయటికి పంపేస్తుంది. ఒత్తిడి రోజులకొద్దీ తగ్గకపోతే యాంటెన్నాలనే కొన్ని విప్పి తగ్గించుకుంటాయి. వంట తగ్గించినప్పుడు పెద్ద గిన్నెలు అటక మీద పెట్టినట్టు. నీలిపచ్చ తగ్గుతుంది, కింద ఉన్న పసుపు బయటపడుతుంది. వేడికి వేరే బృందం ఉంది. వేడెక్కి ముడుచుకుపోయే ప్రొటీన్లను పట్టుకుని, పడిపోకుండా నిలబెట్టే ప్రొటీన్లు అవి.

"సూసినావా!" బలరామ్ గొడుగు నేలకేసి కొట్టాడు. విరిగిన ఊచకు తోడు ఇంకోటి విరిగింది. "కాషను! నాను సెప్పినాను. కాషను!"

"హా బలరామ్ తాతా, వహీ. కాషన్" అంది సింధు.

తవిటయ్యకు ఇంకో సందేహం మిగిలింది. "ఆ నారింజోడు లేస్తాడన్నావు. ఆణ్ని లేపీదెవరు?"

సింధు చేతిలో నీలి అద్దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"తాతా... బురా మత్ మాన్‌నా. ఏమీ అనుకోకు. ఆణ్ని లేపేది నీలం వెలుగే. బ్లూ లైట్ తగిల్తేనే ఆడు లేస్తాడు. నీకు నీలం చల్లగా ఉంటాది. వీటికి నీలమంటే సైరను. పైగా గాలాడకుండా బిగించి కట్టావు. లోపల ఇవి ఆవిరికుడుముల్లాగ..."

ముప్పయ్యేళ్లకు పైబడిన సిద్ధాంతం, పునాది నుంచి కప్పు దాకా, చప్పుడు చెయ్యకుండా కూలింది. తవిటయ్య చాలాసేపు తొట్టికేసి చూశాడు.

"అయితే మూడు దినాలు," అన్నాడు చివరికి, "నాను దాని సెవికాడ సైరను మోగించినానన్నమాట."

"హా."

"అయినా సావనేదు."

"సావనేదు."

తవిటయ్య మొహంలో పశ్చాత్తాపం కొంచెంకొంచెంగా కరిగి, దాని అడుగు నుంచి ఒక రకమైన గర్వం బయటపడసాగింది. "మా ఫర్నేసోల్ల లాగే ఉంది" అన్నాడు. సింధు అద్దాన్ని తీసుకెళ్లి ఆయన జేబులోనే వేసింది. దాలమ్మ జాలీ మీదున్న కాకిరెట్ట తుడిచి, ఒక్కమాట కూడా మాట్లాడకుండా దాన్ని తొట్టి మీద పరిచింది. నోరు విప్పకుండా ఓడిపోవడం ఆమెకు అదే మొదటిసారి కాబట్టి బలరామ్ కూడా నోరెత్తలేదు.

సోమవారం పొద్దున్న మేడమ్ వచ్చారు. తొట్టి చూశారు. సింధు తెచ్చిన మైక్రోస్కోపులో కన్ను పెట్టారు. సన్నటి పచ్చ స్ప్రింగులు, ఎక్కడా తెగకుండా, తీరిగ్గా కదులుతున్నాయి. ఆమె తలెత్తి, ఇది ఒకసారి బాగా పాలిపోయి కోలుకున్నట్టుందే, ఇంత చక్కటి ఒత్తిడి ఎలా ఇచ్చావు, ఏ లాబులో, అని హిందీలో అడిగారు.

"మా తాత ఇచ్చారు మేడమ్" అంది సింధు.

తవిటయ్య ఫర్నేసు కోటులోనే నమస్కారం పెట్టాడు. మేడమ్ ప్రాజెక్టు బాగుందన్నారు. కోలుకోవడానికి కారణం ఏమిటో కూడా ఒక పేరా రాసి ముగించమన్నారు. బలరామ్ ఆ పూటే బిష్టుపూర్ వెళ్లి లడ్డూలు తెచ్చాడు.

అయితే ఆ పేరాలో ఏం రాయాలన్నది సాయంత్రం దాకా తేలలేదు. తవిటయ్య తన ఎ షిఫ్టు రాయమన్నాడు, కోటు సంగతి కూడా విడవకుండా. బలరామ్ కాషను రూలు రాయమన్నాడు, రైల్వే పేరుతో సహా. దాలమ్మ ఆ శనివారం తాను ఇలవేలుపుకు మొక్కుకున్న కొబ్బరికాయ ఎందుకు రాయకూడదని అడిగింది. ముగ్గురూ ఒకేసారి చెబుతుంటే సింధు లడ్డూ తింటూ, పెన్ను పట్టుకుని, మేడ చివర్న చీర మీద ఇంకా మెత్తగానే ఉన్న వడియాలకేసి చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత తలెత్తి పైకి చూసి, ఒక్క వాక్యం రాసి పుస్తకం మూసేసింది.

"శుక్రవారం సాయంత్రం గాలి వచ్చినప్పటి నుంచి జంషెడ్‌పూర్‌లో మబ్బు పట్టి ఉంది."